ఒకటి నొక్కండి

నరసరావుపేట,
జనవరి 8.

జసీ,

మీకు కొత్త మదర్ వచ్చారనీ, ఉత్తరాలు ముందు ఆమె చదువుతారనీ రాశావు. అందుకని ఆమెకు నమస్కారం చెప్పి మొదలుపెడుతున్నాను. మదర్, నా పేరు ఇష్రత్. జసింతా నేనూ ఒకే కాన్వెంట్లో ఒకే బెంచీ మీద చదివాం. తర్వాత నరసరావుపేటలో ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో పనిచేశాం. ఈ ఉత్తరంలో ఇంగ్లీషు మాటలు కొన్ని వస్తాయి. అవి రహస్యాలు కావు, మా పనిముట్ల పేర్లు.

జసీ, బిల్డ్ ఆగిపోయింది.

మదర్ కోసం మరికొంచెం. వెల్దుర్తి వైపు ఊళ్ళకు మంచినీళ్ళు వంతులవారీగా వదులుతారు. ఏ వీధికి ఏ రోజు వస్తాయో ముందురోజు సాయంత్రం ఇంటింటికీ ఫోన్ చేసి చెప్పే ప్రోగ్రాం మాది. ఫోన్లో వినిపించే గొంతు జసింతాది. ఆ ప్రోగ్రాంలో ఏ మార్పు చేసినా దాన్ని పరీక్షించి, మూటగట్టి, పంపుహౌసుల్లోని చిన్న కంప్యూటర్ పెట్టెలకు చేరవేసే పైథాన్ స్క్రిప్టు ఒకటుంది. అదీ జసింతా రాసిందే, దాన్ని నడపడాన్నే బిల్డ్ అంటాం. ఆమె సిస్టర్ కావడానికి మీ దగ్గరికి వచ్చి ఏడాది దాటింది. ఇన్నాళ్ళూ నీళ్ళ వంతులు మారలేదు కనుక దాన్ని ముట్టుకునే పని పడలేదు.

సోమవారం ఒక కొత్త వీధిని చేర్చి నడిపాను. లైబ్రరీలు దించుకునే చోటే ఆగి తెరంతా ఎర్రబడింది. నేను మార్చింది ఒక్క వరుస. అది ఏడ్చింది రెండు పేజీలు. చివరి వరుసలు చేత్తో రాసి జతచేస్తున్నాను, చుక్క కూడా వదల్లేదు. ఇంపోజిషన్ రాస్తున్నట్టే అనిపించింది.

"ఏందమ్మాయ్, ఆ పిల్ల పోతా పోతా తాళంచెవి కూడా కొంగున కట్టుకు పోయిందా?" అన్నారు ధనుంజయరావు సార్. నవ్వుతూనే అన్నారు. నీ కుర్చీలో ఇప్పటికీ ఎవర్నీ కూర్చోనివ్వరు. మొన్న కొరియర్ అతను కూర్చోబోతే "అది జసింతాది, ఆ స్టూలు లాక్కో" అన్నారు.

నువ్వున్నప్పుడు నా మాటలు కూడా నువ్వే మాట్లాడేదానివి. ఇప్పుడు అవన్నీ నా మీద పడ్డాయి.

నీ ఇషూ

*

నొవిషియేట్, ఏలూరు దగ్గర,
జనవరి 27.

ఇషూ,

మదర్‌కు నీ నమస్కారం అందింది. నువ్వు జతచేసిన కాగితం చాలాసేపు చూసి "ఇది ఏ భాషలో కీర్తన?" అని అడిగారు. విలాపకీర్తన మదర్, అన్నాను.

లైబ్రరీకి కొత్త వెర్షన్ వచ్చి ఉంటుంది. స్క్రిప్టు కొత్తదాన్ని దించుకుంటోంది, మన కోడు పాతదానికే అలవాటు పడి ఉంది. పాత వెర్షన్ నంబరు కింద రాశాను, అదే కావాలని గట్టిగా రాసిపెట్టు. పాత ఎన్విరాన్‌మెంట్ మొత్తం తీసేసి కొత్తది చెయ్యి. అతుకులెయ్యకు.

ఇక్కడ బావి ఉంది. చేదవేస్తే నీళ్ళు. ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యనక్కర్లేదు. చిక్కుడు పాదులకు నేనే పోస్తాను.

నాకు మూడేళ్ళప్పుడు జ్వరం తలకెక్కితే, బతికితే దేవుడికిచ్చేస్తానని నాన్న మొక్కుకున్న సంగతి నీకు తెలుసు. ఆ జ్వరం నాకు గుర్తు లేదు. మొక్కు మాత్రం నాతోపాటే పెరిగింది. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు నేను తెరిచి వాళ్ళ ముఖాలు చూస్తుంటాను. వాళ్ళకు అవతలినుంచి ఎవరో జవాబిస్తున్నట్టే ఉంటుంది. నాకు లైను కలవడం లేదు, ఇషూ.

ఈ మాట మదర్‌కు ముందే చెప్పాను కనుక రాస్తున్నాను. ఆమె కోప్పడలేదు. "మేలో మాటపట్టు, నువ్వు దేవుడికి మాటిచ్చే రోజు. ఈలోపు ఎప్పుడైనా వెళ్ళొచ్చు. మన తలుపుకు గడియ లేదు" అన్నారు. వెళ్తే ఎక్కడికి? నాన్న మాట నువ్వూ విన్నావు కదా, "దేవుడికిచ్చిందాన్ని మళ్ళా ఇంట్లో పెట్టుకుంటే ఇల్లు నిలవదు" అని. నాకు బయట ఉన్న చోటల్లా ఆ కుర్చీ ఒక్కటే. ఆ స్క్రిప్టు నడిస్తే నీళ్ళ కమిటీ వాళ్ళు మనతో ఉంటారు. వాళ్ళుంటే ఆఫీసుంటుంది. దాన్ని నడిపించు.

ఇంకొకటి. విభూది బుధవారం నుంచి ఈస్టరు దాకా తపస్సు కాలం, మాకు ఉత్తరాలు లేవు. రాయం, అందుకోం. వచ్చినవి మదర్ బీరువాలో ఉంటాయి. అడగాల్సింది ఉంటే ఆలోపే అడుగు.

నీ జసీ

*

నరసరావుపేట,
ఫిబ్రవరి 16.

జసీ,

నువ్వు చెప్పిన వెర్షన్ బిగించాను. ఎరుపు పోయింది. టెస్టులన్నీ పచ్చగా వచ్చాయి. సార్ అందరికీ చెరుకురసం తెప్పించారు.

ఆ తర్వాత చివరి మెట్టు దగ్గర ఆగింది. ఈసారి ఎర్ర వరుసలు లేవు. తప్పు ఏమిటో చెప్పడం లేదు. "వెయిటింగ్ ఫర్ అప్రూవల్" అని ఒక్క ముక్క వేసి ఊరుకుంటుంది. ఎంతసేపైనా అంతే. ఆపేసి మళ్ళీ నడిపితే మళ్ళీ అక్కడే. పైథాన్ తీసి కొత్తగా వేశాను. క్యాష్ తుడిచాను. వేరే మెషీన్ మీద చూశాను. రోజూ నడుపుతూనే ఉన్నాను.

ఆ చోట కోడు చదివాను. మనం వాడే ఫోన్ సర్వీసును అది ఏదో అడిగి, జవాబు కోసం కూర్చుంటుంది. ఎవర్ని అడుగుతుందో ఆ సర్వీసులో నీ ఖాతా లోపల ఉంది. వాళ్ళకు రాస్తే ఖాతాదారే అడగాలన్నారు. ఆ మెట్టు తీసేసి పంపి చూశాను. పంపుహౌసు పెట్టెలు తీసుకోలేదు. ఆ జవాబుతో వచ్చే గుర్తు లేకపోతే నమ్మొద్దని వాటికి నువ్వే నేర్పావట.

తొందర ఎందుకంటే, కాలువకు నీళ్ళు తగ్గి వంతులు మార్చేశారు. కొత్త టైంటేబుల్ ప్రోగ్రాం లోపలే మూటగట్టాలి. మూట కదలకపోతే పెట్టెలు పాత టైంటేబులే చదువుతాయి.

నాన్నకు ఫోన్లో చెప్పాను. మాచర్లలో మోటార్లు చుట్టే మనిషికి ఇదేం అర్థమవుతుంది! "మోటారు కాలితే వాసనొస్తది బేటా. వాసన రాని రిపేరు నాకు తెలవదు" అన్నాడు.

నీకు ముందే రాయాల్సింది. నేనే తేల్చుకోగలననుకున్నాను. ఇది బుధవారం లోపు చేరాలని బస్టాండు దగ్గర పోస్టాఫీసుకు స్వయంగా వెళ్ళి వేస్తున్నాను. మా రంజాన్ రోజాలూ మీ తపస్సూ ఈసారి ఒకే వారంలో మొదలవుతున్నాయి.

ఎవరి అప్రూవల్, జసీ?

ఇషూ

*

నరసరావుపేట,
మార్చి 11.

జసీ,

ఇది బీరువాలోకి పోతుందని తెలిసీ రాస్తున్నాను. నా ముందు ఉత్తరం కూడా అక్కడే ఉండి ఉంటుంది.

మీ నొవిషియేటుకు ఫోన్ చేశాను. అంతకుముందు ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నాను. ఎవరో సిస్టర్ ఎత్తి "ఎవరికైనా ప్రాణం మీదికొచ్చిందా అమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్న నా కాగితంలో లేదు. "లేదు సిస్టర్" అన్నాను. "అయితే ఈస్టరు తర్వాత" అని పెట్టేశారు. అవునని ఉంటే పిలిచేవారేమో. అబద్ధం చెప్పకూడదని నేర్పింది వాళ్ళే.

అప్రూవల్ అంటే కమిటీ ప్రెసిడెంటు శివరామయ్య గారిది అయ్యుంటుందని నేనే ఊహించుకున్నాను. ఆయన ఇంటికి వెళ్ళి అరుగు మీద నిలబడ్డాను. అడగడానికి నాకు పట్టిన సేపట్లో ఆయన పళ్ళు తోముకోవడం, కాఫీ తాగడం అయింది.

"నా అప్రూవలేందమ్మా! నీళ్ళకే అప్రూవల్ ఇయ్యలేక నేను చస్తన్నా, నీ కంప్యూటర్‌కెక్కడిచ్చేది?" అన్నారు.

నిన్న సార్‌తో కలిసి వెల్దుర్తి అవతల ఊరికి వెళ్ళాను. పాత టైంటేబుల్ ప్రకారం నీ గొంతు ముందురోజు సాయంత్రం అందరికీ చెప్పింది, పొద్దున నీళ్ళొస్తాయని. ఆడవాళ్ళు మిరపకాయ కోతకు పోకుండా కుళాయి దగ్గర బిందెలు వరసపెట్టుకుని కూర్చున్నారు. కుళాయి బుస్సుమని గాలి వదిలి ఊరుకుంది. ఇలా జరగడం అది మొదటిసారి కాదు.

ఒకామె నా ముందుకొచ్చింది. "ఏమే, ఫోన్లో కూసే పిల్లవి నువ్వేనా?"

కాదన్నాను.

"మరి అదేది? తీసుకురా దాన్ని. దాని నోట్లో ఇంత పచ్చికారం కొడితే అప్పుడు తెలుస్తది దాహమంటే ఏందో."

"గొంతు మాత్రం తేనె పిన్నీ," అంది ఇంకొకామె. "అందుకే చానాసార్లు నమ్మాం. ఇప్పుడు మోగితే మా పిల్లలు 'అబద్ధాలమ్మ చేసింది' అని కట్ చేస్తన్నారు."

"మా కోతకూలి పోయింది. పైగా మేస్త్రీ వేరేవాళ్ళను పిలుచుకున్నాడు. రేపు మీ సారొచ్చి మాకు పని చూపిస్తాడా?"

సార్ చేతులు కట్టుకుని నిలబడ్డారు. నువ్వుంటే ఏదో ఒకటి అని వాళ్ళను నవ్వించేదానివి. నా నోరు ఎండిపోయింది. అది రోజా వల్ల అనుకుని ఉంటారు.

తిరిగి వస్తుంటే జీపులో సార్ అన్నారు. "అమ్మాయ్, ఆ మిషన్ను నోరు మూసుకోమనడం వచ్చా నీకు? మాట్లాడించడం రాకపోయినా?"

అది వచ్చు. పెట్టెల కరెంటు తీసేస్తే చాలు. తీసేయించాను. నీ గొంతు ఆగిపోయింది.

ఇషూ

*

మాచర్ల,
మార్చి 23.

జసీ,

ఈద్ అయింది. అమ్మీ సేమియా చేసింది. నీ పేరు తీసింది.

స్క్రిప్టు నడపడం మానేశాను. ఆఫీసు గురించి రాయడానికి ఏమీ లేదు.

ఇషూ

*

నొవిషియేట్, ఏలూరు దగ్గర,
ఏప్రిల్ 6.

ఇషూ, నా బంగారం,

నిన్న ఈస్టరు. పూజ అయ్యాక మదర్ బీరువా తెరిచి నీ ఉత్తరాలు కట్టగా చేతికిచ్చారు. అన్నీ ఒక్కసారే చదివాను. మూడోది చివరికొచ్చేసరికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మన స్క్రిప్టు ఎవరి కోసం ఆగి ఉందో తెలుసా? నా కోసం!

గుర్తుందా, మనం మొదలుపెట్టిన కొత్తలో ఒకసారి ఒక ఊరి సందేశం ఇంకో ఊరికి పోయింది. అప్పుడు భయపడి ఆ మెట్టు పెట్టాను. ఏ మూటైనా బయల్దేరే ముందు సర్వీసు నా సెల్లుకు ఫోన్ చేస్తుంది. సందేశం నాకే వినిపించి "సరిగా ఉంటే ఒకటి నొక్కండి" అంటుంది. నేను నొక్కితేనే కదులుతుంది. నొక్కే దాకా చెప్పిందే చెబుతుంది. నువ్వు ఎప్పుడూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉండేదానివి, చూసి ఉండవు. ఇక్కడికి వచ్చేముందు ఫోన్ నాన్న చేతికిచ్చేశాను. అదే ఆలోచించలేదు. వదిలేసిన వాటిలో అదొకటి ఉందని మర్చిపోయాను.

ఖాతా తాళం కింద రాశాను. లోపల నా నంబరు తీసి నీది పెట్టు. అంతే. ఒక్క నిమిషం పని.

అబద్ధాలమ్మ అన్నారా? అననీ. సరైన టైంటేబుల్‌తో నాలుగుసార్లు నీళ్ళొస్తే వాళ్ళే మళ్ళీ అక్కా అంటారు.

ఇప్పుడు అసలు సంగతి. తపస్సు కాలమంతా కళ్ళు మూసుకునే ఉన్నాను. నిజంగా ప్రయత్నించాను. లైను కలవలేదు. మంచి శుక్రవారం నాడు మదర్‌తో చెప్పేశాను, వెళ్తానని. ఆమె నా తల మీద చెయ్యి వేసి "ఎక్కడుంటావు?" అని మాత్రం అడిగారు. ఆఫీసులో నా కుర్చీ ఉంది మదర్, హాస్టల్లో ఇష్రత్ పక్క మంచం ఉంది, అని గట్టిగా చెప్పాను. ఇన్నాళ్ళలో ఇక్కడ నేను గట్టిగా చెప్పిన మాట అదొక్కటే.

సార్‌తో చెప్పు. నెలాఖరుకు వచ్చేస్తాను. నువ్వు రాయగానే బయల్దేరతాను.

నీ జసీ

*

మాచర్ల,
ఏప్రిల్ 15.

జసీ,

పై వరుసలో ఊరి పేరు చూడు. కిందటి ఉత్తరం కూడా ఇక్కడినుంచే రాశాను.

ఆఫీసు లేదు. పెట్టెల కరెంటు తీసేసిన వారానికి కమిటీ వాళ్ళు వాటిని పీకి గోనెసంచిలో వేసి మన గుమ్మంలో దించిపోయారు. మనకున్న పెద్ద పని అదొక్కటే. సార్ గది ఖాళీ చేసి వాళ్ళ బావమరిది దగ్గర పిడుగురాళ్ళలో పనికి కుదిరారు. బల్లలన్నీ అమ్మేశారు. నీ కుర్చీ అమ్మలేదు. నాకిచ్చారు. దాన్ని బస్సు మీద వేయించుకుని వచ్చాను. నాన్న షాపులో ఉంది. షాపుకు వచ్చే ఫోన్లు ఎత్తడం ఇప్పుడు నా పని. నేను ఎత్తితే అవతలివాళ్ళు "హలో, లైనుందా?" అని అరుస్తారు.

ఇదంతా మార్చిలోనే రాయాల్సింది. రాస్తే, ఈస్టరు నాడు నువ్వు చదివే మొదటి సంగతి అదవుతుంది. అందుకని రాయలేదు. అది చదవకుండానే నువ్వు మదర్‌తో మాట్లాడేశావు.

నువ్వు చెప్పినట్టు ఖాతాలోకి వెళ్ళాను. పెట్టెలు లేకపోయినా, తప్పు ఎక్కడుందో చూడకుండా ఉండలేకపోయాను. నంబరు మార్చబోతూ ఒకటి గమనించాను. నేను స్క్రిప్టు నడిపిన ప్రతిసారీ నీ సెల్లుకు ఫోన్ వెళ్ళింది. ప్రతిసారీ ఎవరో ఎత్తారు. చాలాసేపు విన్నారు. ఎవరూ ఒకటి నొక్కలేదు.

నంబరు మార్చకుండా మీ ఊరు రెంటచింతల బస్సెక్కాను.

మీ నాన్న వాకిట్లో వేపచెట్టు నీడన మంచం మీద ఉన్నాడు. నీ ఫోన్ ఆయన చొక్కా జేబులో ఉంది.

"బాబాయ్, జసింతా ఫోనుకు కాల్స్ వస్తున్నాయా?"

"వచ్చేయమ్మా. శీతాకాలం పొయ్యేటప్పుడు రోజూ వచ్చేయి. ఎత్తితే అమ్మాయే. 'అమ్మా, రేపు పొద్దున మీ వీధికి నీళ్ళొస్తాయి' అంటది. అమ్మను కాదే, నాన్నను అంటా. ఇనుకోకుండా మళ్ళా అదే చెప్పుద్ది."

"ఒకటి నొక్కమని చెబుతుంది కదా బాబాయ్."

"చెప్పుద్ది. నొక్కితే పెట్టేస్తది గదా." ఆయన నా వైపు చూడలేదు. "మిషనేనని తెలుసులే. ఈ బెంజిమిన్ పిచ్చోడయ్యాడని ఊళ్ళో అనిపించుకునేంత కాదు నేను. అన్నం తినేటప్పుడు వస్తే పక్కన పెట్టుకొని తినేవాణ్ణి. ఈమధ్య మానేసింది. ఎందుకు మానేసిందమ్మా? ఛార్జింగు ఎప్పుడూ అయిపోనియ్యలా నేను."

కమిటీ పోయింది, ఆఫీసు పోయింది, నీ కుర్చీ పోయింది. ఆయన బొటనవేలు ఒక్కసారి కదిలి ఉంటే ఏదీ పోయేది కాదు. ఆ మాట ఆయనతో అనలేకపోయాను. నీకూ అనకూడదేమో.

వచ్చేముందు ధైర్యం చేసి అడిగాను. నా జీవితంలో అంత పెద్ద మాట ఎవరినీ అడగలేదు. "బాబాయ్, ఆమే తిరిగొస్తే?"

ఆయన జేబులో ఫోన్ తడుముకున్నాడు.

"వద్దమ్మా," అన్నాడు. "దేవుడితో మాట తప్పితే ఆ పిల్లకే ఏదన్నా అవుద్ది. యాడో ఒకచోట బతికుండాలి గదా. నాకు ఫోను చాలు."

జసీ, మా ఇంటికి రా. రెండు గదులు, మేం ఐదుగురం. అమ్మీ ఇంకో పళ్ళెం పెడతానంటోంది. ఇంకేమీ లేదు నా దగ్గర.

ఇషూ

*

నొవిషియేట్, ఏలూరు దగ్గర,
మే 4.

ప్రియమైన ఇష్రత్‌కు,

నీ ఉత్తరం అందింది. ఈ జవాబు మదర్ చదవరు. ఈసారి అంటించి ఇమ్మన్నారు.

ఈ నెలాఖరున నా మాటపట్టు. అమ్మీకి నా సలాం చెప్పు. ఆమె పళ్ళెం పెడుతుందని తెలుసు. కానీ నాన్న వారంవారం ఆ దారినే మాచర్ల సంతకు వస్తాడు. నన్ను మీ గుమ్మంలో చూసి, దేవుడు ఏం చేస్తాడోనని భయపడుతూ తల తిప్పుకుని పోతాడు. అది నేను చూడలేను. ఇక్కడుంటే ఆయనకు నేను బతికి ఉన్నట్టు.

"సంతోషంగానే ఇస్తున్నావా?" అని మదర్ అడిగారు. అవునన్నాను. ఆమె నా ముఖం చూసి, చిక్కుడు పాదులకు నీళ్ళు పోశావా అని అడిగారు. పోశానన్నాను. అది నిజం.

మాటపట్టు తర్వాత ఒడిశా వైపు పంపుతారట. ఉత్తరాలు పండుగకు ఒకటి. ఏ పండుగకో ఇంకా చెప్పలేదు.

నువ్వు ఆ మాట నాకు అనకూడదేమో అన్నావు. అనొచ్చు. నేనూ అనుకున్నాను, ఒక రాత్రంతా. తర్వాత అన్నం పళ్ళెం పక్కన ఆ ఫోన్ గుర్తొచ్చింది.

ఒక్క పని చేసిపెట్టు. ఖాతాలో నా నంబరు మార్చకు. స్క్రిప్టు నీ ల్యాప్‌టాప్‌లో ఉంచుకో. పెట్టెలు లేకపోయినా పరవాలేదు, అది అక్కడిదాకా వెళ్ళదు. అప్పుడప్పుడూ ఆయన అన్నం తినే వేళకు నడుపు. చివరి మెట్టు దగ్గర ఆగుతుంది. ఆగనీ. సరిచెయ్యకు.

ఆయన ఒకటి నొక్కడు.

జసింతా